చలికాలం, షుగర్, నల్ల బీరు: నాకు కుదిరిన పద్ధతి

మిషిగన్‌లో చలి మొదలైతే షాపుల్లో ఎటు చూసినా నల్ల బీర్లే, నాకేమో టైప్ 2 షుగర్. రంగు చూసి భయపడక్కర్లేదు, ఆ నలుపు బాగా వేయించిన బార్లీ నుంచి వస్తుంది, చక్కెర నుంచి కాదు. చూడాల్సింది బీరు పులిసేటప్పుడు ఈస్ట్ తినకుండా మిగిల్చిన కార్బ్స్ ఎంత అన్నదే. అందుకే డ్రై ఐరిష్ స్టౌట్‌కి, అంటే తీపి తక్కువుండే నల్ల బీరుకి, మారాను. గిన్నిస్ డ్రాఫ్ట్ 355 మిల్లీలీటర్లలో కార్బ్స్ సుమారు 10 గ్రాములు, ఆల్కహాల్ 4.2 శాతమే. మిల్క్ స్టౌట్ మాత్రం ముట్టుకోను, అందులో కలిపే లాక్టోజ్‌ని, అంటే పాలలో ఉండే చక్కెరని, బీరు ఈస్ట్ పులియబెట్టలేదు, అది అలాగే గ్లాసులోకి వచ్చేస్తుంది. మిఠాయిలా తియ్యగా చేసే పేస్ట్రీ స్టౌట్, బాగా ఘాటైన ఇంపీరియల్ అని రాసున్నవీ వద్దు.

ఇక్కడ బీరు మీద కార్బ్స్ రాయడం తప్పనిసరి కాదు కాబట్టి, చిన్న బ్రూవరీకి వెళ్తే ఫైనల్ గ్రావిటీ (పులిసాక బీరు సాంద్రత, ఎక్కువుంటే కార్బ్స్ ఎక్కువ మిగిలినట్టు) ఎంత అని అడిగేస్తాను. 1.010 దగ్గరుంటే సరే, 1.025 అంటే వేరేది చూస్తాను.

అసలు టెన్షన్ రాత్రిపూటే. ఆల్కహాల్‌ని విరిచే పనిలో పడి లివర్ గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది, నాలా గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళకీ ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు, కాబట్టి ముందు మీ డాక్టర్‌ని అడగండి. నేనైతే ఖాళీ కడుపుతో తాగను, పల్లీలో ఆమ్లెట్టో పక్కనుండాలి, ఒక్క గ్లాసుతో ఆపేసి పడుకునేముందు వేలు పొడిచి చూసుకుంటాను. తూలుతుంటే తాగాడులే అనుకుంటారు గానీ లో షుగర్ అని ఎవరికీ తట్టదు, అందుకే గ్లూకోజ్ బిళ్ళలు ఎక్కడున్నాయో మా ఆవిడకి ముందే చెప్పి ఉంచాను.