నెల్లూరు వైపు పొద్దుగుంకే ఆకాశం: వాటర్ కలర్‌లో ఎలా వెయ్యాలి

ముందు దిక్కు చూసుకోండి. మన సముద్రం తూర్పున ఉంది. మైపాడైనా కొత్తపట్నమైనా పొద్దు పొడిచేది నీళ్లలోంచి, గుంకేది ఊళ్ల వెనక. అలల్లోకి దిగే సూర్యుణ్ణి వేసి మైపాడు సాయంత్రం అంటే అక్కడి పిల్లలే నవ్వుతారు. నీళ్ల మీద అస్తమయం కావాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన పులికాట్ సరస్సు ఉంది, నాట్లకు నీళ్లు పెట్టిన మడులున్నాయి, రొయ్యల గుంటలున్నాయి. బీచ్‌లోనే వెయ్యాలంటే పొద్దు దిగిన వెంటనే సముద్రం వైపు తిరగండి. నీళ్లకు ఆనుకుని నీలిబూడిద పట్టీ, దానిమీద గులాబి పట్టీ కనిపిస్తాయి. కింది పట్టీ భూమి నీడే. పావుగంటలో రెండూ కలిసిపోతాయి.

పేపరు 11×15 అంగుళాలది, 300 జీఎస్ఎం (మందం కొలత) కాటన్. మామూలు డ్రాయింగ్ షీటయితే రెండోసారి తడిపేసరికి పైపొర లేచిపోతుంది. అంగుళంన్నర ఫ్లాట్ బ్రష్, 8 నంబరు రౌండ్ బ్రష్, మాస్కింగ్ టేపు చాలు. రంగులు నాలుగే: గాంబోజ్ (పసుపు), పర్మనెంట్ రోజ్ (గులాబి), అల్ట్రామెరైన్ బ్లూ (నీలం), బర్న్‌ట్ సియన్నా (ఎర్రమట్టి రంగు). పేపరు తడపకముందే మొదటి మూడూ పాలంత చిక్కగా, కావలసినదానికి రెట్టింపు కలిపి పెట్టుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపేలోగా పేపరు ఆరిపోతుంది.

పేపరును బోర్డు మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేసి పేపరంతా తడపండి. పక్కనుంచి చూస్తే మెరుపు ఉండాలి, నీళ్లు నిలవకూడదు. నేలగీత దగ్గర గాంబోజ్‌తో మొదలుపెట్టి మూడు వేళ్ల వెడల్పు, దాని అంచు మీదుగా రోజ్, ఆపైన నీలం. పసుపు, నీలం ఒకదాన్నొకటి తాకాయో ఆకాశం ఆకుపచ్చ తిరుగుతుంది. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. మధ్యలో రోజ్ పట్టీ వెడల్పుగా ఉంచి, నీలం వేశాక బోర్డును నీలం వైపు కిందికి వాల్చి ఒక నిమిషం పట్టుకోండి. ఆరాక రంగు తేలిపోతుంది కాబట్టి తడిమీద కాస్త ఎక్కువైందనిపించాలి.

మెరుపు తగ్గుతుండగా మబ్బులు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియన్నా కలిపితే మంచి బూడిద వస్తుంది. ఇది ఆకాశం కన్నా చిక్కగా ఉండాలి, బ్రష్‌ను గుడ్డకు అద్దాలి. నీళ్లోడే బ్రష్ పెడితే ఆ నీళ్లు రంగును పక్కకు తోసి, అంచులు పళ్లుపళ్లుగా మరక కడతాయి. దాన్ని రుద్దకండి, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ తడిపి పైన పల్చటి పూత వెయ్యండి. ఇంకొకటి: పొద్దు దిగాక వెలుగు కిందనుంచి వస్తుంది. మబ్బు అడుగు నారింజ, నెత్తి బూడిద. మధ్యాహ్నపు మబ్బులా పైన తెల్లగా, కింద నల్లగా వేస్తే ఎంత ఎరుపు పోసినా సాయంత్రం రాదు.

రోహిణి కార్తెలో పేపరు చూస్తుండగానే ఆరిపోతుంది. రెండు వైపులా తడిపి ప్లాస్టిక్ షీటుకు అంటించండి, ఫ్యాను కట్టెయ్యండి. ముసురు రోజుల్లో దీనికి తలకిందులు, గంటయినా ఆరదు. వేళ్ల వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

తాడిచెట్లు అంతా ఆరాకే. నలుపు ట్యూబు జోలికి వెళ్లొద్దు, బొమ్మలో చిల్లు పడ్డట్టుంటుంది. అదే నీలం, సియన్నా చిక్కగా కలిపితే చాలు. దూరాన వెలిగొండలకు నీలంలో రోజ్ కలిపి పల్చగా, చెట్లకన్నా ముందే వెయ్యాలి. టేపును బొమ్మకు అవతలి వైపు ఏటవాలుగా, నిదానంగా లాగండి. పేపరు చిరిగేలా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు వదులుతుంది.