రాజ్యాంగ సవరణలను ఫుట్‌నోట్ల నుంచి చదవండి

నేను గ్రూప్-2 రాసే పిల్లలకు పాలిటీ చెబుతాను. సవరణలు అనగానే వాళ్లు నంబర్లు, సంవత్సరాలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. వారం తిరిగేసరికి 42, 44 ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి టెన్షన్ పడతారు. దయచేసి అలా చదవకండి.

ముందు కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్ నుంచి రాజ్యాంగం పీడీఎఫ్ దించుకోండి. అందులో కొన్ని మాటలు చదరపు బ్రాకెట్లలో, పక్కన చిన్న అంకెతో కనిపిస్తాయి. ఆ అంకె పట్టుకుని పేజీ అడుక్కి వెళ్లండి. ఏ సవరణ, ఎప్పటి నుంచి అమలు, మారిన మాటైతే పాతది ఏమిటి, అన్నీ అక్కడే ఉంటాయి.

352వ అధికరణతో మొదలుపెట్టండి. ‘సాయుధ తిరుగుబాటు’ అన్న మాట బ్రాకెట్లో ఉంటుంది. అంతకుముందు అక్కడున్నది ‘అంతర్గత కల్లోలం’. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టింది ఆ మాటను అడ్డం పెట్టుకునే. 44వ సవరణ, 1978లో, దాన్ని తీసేసింది. ఒక్క మాట మీద పౌరుల స్వేచ్ఛ ఎంత ఆధారపడి ఉందో ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత, ప్రతి సవరణకు ముందు ఏం జరిగిందో వెతకండి. కాలేజీ సీట్లను కులాలవారీగా పంచే మద్రాసు జీవోను చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది, 1951లో, మొదటి సవరణ వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయనిచ్చే 15(4)ను చేర్చింది. కోర్టు, పార్లమెంటు మధ్య ఈ పట్టుదల 1973లో కేశవానంద భారతి తీర్పు దాకా నడిచింది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపం, అంటే మూల లక్షణాల జోలికి పోకూడదని 13 మంది జడ్జీల్లో ఏడుగురు తేల్చారు. ఓటు వయసును 18కి దించిన 61వ సవరణకైతే ఒక్క నిమిషం చాలు.

మనం తప్పక ఆగాల్సిన చోటు ఉద్యోగాల్లో, చదువులో స్థానికుల అవకాశాల గురించి చెప్పే 371-డి అధికరణ. ముల్కీ నిబంధనలు, అంటే పాత హైదరాబాద్ రాష్ట్ర ప్రాంతంలో ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాలు, చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పాక జై ఆంధ్ర ఉద్యమం రేగింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికే 32వ సవరణ 371-డిని చేర్చింది. నోటిఫికేషన్లలో మీరు చూసే లోకల్, నాన్‌లోకల్ లెక్కకు మూలం ఇదే. 2014లో ఇందులో తెలంగాణ పేరు కూడా చేరింది. అయితే సవరణల జాబితాలో వెతికితే ఆ మార్పు దొరకదు, ఎందుకంటే దాన్ని విభజన చట్టంతోనే చేశారు. రాష్ట్రాలను ఏర్పరిచే అలాంటి చట్టాన్ని సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణ కింద సవరణగా లెక్కించకూడదని 4వ అధికరణ చెబుతుంది. ఫుట్‌నోట్లో మాత్రం చట్టం పేరు, 97వ సెక్షన్, 2014 జూన్ 2 అన్న అమలు తేదీ స్పష్టంగా ఉంటాయి.