కొత్త ఇంట్లో వీల్‌చైర్‌తో: నేను సరిచేసుకున్నవి

ఇల్లు మారిన మొదటి రాత్రే బాత్రూమ్ తలుపు దగ్గర ఆగిపోయాను. నా వీల్‌చైర్ వెడల్పు 25 అంగుళాలు. తలుపు బార్లా తెరిచినా మిగిలిన దారి 26. చక్రాలు తిప్పే చేతులకు చోటేది? చాలా టెన్షన్ పడ్డాను.

గోడ పగలగొట్టాల్సిందే అన్నారు ఇంట్లోవాళ్లు. అంత అవసరం రాలేదు. తెరిచినప్పుడు తలుపును దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపే ఆఫ్‌సెట్ మడతబందులు వేయించాం. తలుపు మందం మేర, అంటే దాదాపు ఒకటిన్నర అంగుళం కలిసొచ్చింది. మామూలుగా 32 అంగుళాల దారి ఉండాలంటారు. నాకు మాత్రం ఈ కాస్త తేడాతోనే చేతులు గీసుకుపోవడం ఆగింది.

వాకిట్లో మెట్టు ఎత్తు 4 అంగుళాలే కదా అని మొదట రెండడుగుల చెక్క వేశాం. ఎక్కుతుంటే కుర్చీ వెనక్కి ఒరిగింది, గుండె ఆగినంత పనైంది. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలన్నది లెక్క. నాలుగడుగుల ర్యాంప్ వేశాక ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతున్నాను.

ఒకటి గట్టిగా చెప్తాను: తువ్వాలు కడ్డీని ఆసరాగా పట్టుకోకండి. అది మనిషి బరువు మోయదు, నా చేతిలోకి ఊడొచ్చింది. ఆసరా కడ్డీని గోడలోకి గట్టిగా బిగించాలి. బిగించే ముందు నేను కమోడ్ మీద కూర్చుని, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత గీయించాను.