బాసు ఒడ్డునే దిగిపోనాదేటి? బోటులో సబ్‌ఊఫరు మార్చే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఆటోలు, బొలేరోలు, పెళ్ళి బస్సులు, ఏది వచ్చినా సౌండు కట్టి పంపిస్తాను. బోటు మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. కళింగపట్నం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన, మనవల్ని వంశధారలో తిప్పడానికని 16 అడుగుల ఫైబరు బోటు కొన్నారు. అందులో ఉన్న 8 అంగుళాల ఊఫరు (బాసు, అంటే కింది స్వరాల దరువు పలికించే స్పీకరు) తీసేసి పెద్దది పెట్టమన్నారు. నాకదెంత పని! షాపులో ఉన్న 10 అంగుళాల కారు ఊఫరు, దాని ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) బాక్సు పట్టుకెళ్ళి గంటన్నరలో బిగించేశాను. ఆయన రేకుల షెడ్డులో పాట పెడితే గోడలు అదిరాయి. తీరా నది మధ్యకి వెళ్ళేసరికి పాట ఉంది, దరువు లేదు.

"ఏటి నాయినా, బాసు ఒడ్డునే దిగిపోనాదేటి?" అన్నారాయన.

రెండు నెలలు తిరక్కుండా ఆ బాక్సు నానిన రొట్టెలా ఉబ్బింది, వైర్ల కొసలకి పచ్చగా చిలుము పట్టింది. నా ఖర్చుతోనే మొత్తం విప్పి మళ్ళీ కట్టాను. ఆ రెండోసారి ఎలా కట్టానో చెప్తాను.

ముందు బాసు ఎందుకు పోయిందో తెలియాలి. 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అదిరే శబ్దం, దాని అల దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది, అంటే ఆ బోటు కంటే ఎక్కువే. కారులో అద్దాలు ఎత్తేస్తే ఆ మూసిన గదే కింది స్వరాలకి బలం ఇస్తుంది. మన ఊఫరు గొప్పతనం అనుకునేదాన్లో సగం కారుదే. బోటుకి గోడల్లేవు, కప్పు లేదు. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ గాల్లో కలిసిపోతాయి. అందుకని 25, 30 హెర్ట్జ్ కోసం వెంపర్లాడొద్దు, దొరకవు. తప్పెటగుళ్ళ దెబ్బ రొమ్ముకి తగిలినట్టు ఉండాలంటే 45 నుంచి 90 మధ్యలో గట్టిగా పలికితే చాలు.

ఊఫరు మెరైన్ రకమే కొనండి. కాగితం కోను తేమకి మెత్తబడిపోతుంది. పాలీప్రొపిలీన్ కోను, చుట్టూ రబ్బరు అంచు, ఎండకి తట్టుకునే ఫ్రేము, స్టెయిన్‌లెస్ గ్రిల్లు ఉండాలి. డబ్బా మీద పీక్ వాట్లు, మాక్స్ వాట్లు అని పెద్దక్షరాల్లో వేసేది వదిలేసి ఆర్‌ఎంఎస్ అంకె (ఆగకుండా మోయగలిగే అసలు వాట్లు) చూడండి. నేను తీసుకున్నది 4 ఓమ్‌ల ఒంటి కాయిల్ (లోపలి తీగచుట్ట), 300 వాట్ల ఆర్‌ఎంఎస్.

బాక్సు మీదే అసలు శ్రద్ధంతా పెట్టాలి. ఎండీఎఫ్ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, 18 మిల్లీమీటర్లది తీసుకోండి. నా ఊఫరుకి వచ్చిన కాగితంలో మూసిన బాక్సుకి ముప్పావు క్యూబిక్ అడుగు అని ఉంది. లోపలి కొలత 12, 12, 9 అంగుళాలు పెడితే 1296 క్యూబిక్ అంగుళాలు, సరిగ్గా ముప్పావు. ఊఫరు వెనకభాగం లోపల కొంత చోటు తింటుంది కాబట్టి 9ని తొమ్మిదిన్నర చేశాను. మీ ఊఫరు కాగితంలో ఏముందో అదే మీ లెక్క, నాది గుడ్డిగా దించేయకండి. మూలలకి ఎపాక్సీ పూసి, బయటంతా ఫైబరు గుడ్డ, రెసిన్‌తో ఒక పొర వేయించాను. ఆ పని నాకు చేతకాదు. తీరంలో చేపల బోట్లకి ఫైబరు అతుకులేసే కుర్రాడు ఒక్క పూటలో చేసిచ్చాడు.

ఎక్కడ పెట్టాలి? జనం కాళ్ళ దగ్గర. స్టీరింగ్ కన్సోల్ కింద, నేలా గోడా కలిసే మూలలో పెడితే ఆ రెండూ కొంత ఊతమిస్తాయి, వినేవాళ్ళకీ దగ్గరవుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ఉన్న అరల్లో మాత్రం ఊఫరూ వద్దు, యాంపూ (ఊఫరుకి బలమిచ్చే యాంప్లిఫయరు) వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంకోటి, ఊఫరు అయస్కాంతం దిక్సూచి పక్కన ఉంటే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్ళాక అది ఏ దిక్కు చూపిస్తుందో దానికే తెలియాలి. బాక్సుని అటూ ఇటూ జరిపి ముల్లు కదలడం లేదని చూసుకున్నాకే బోల్టులు వేయండి.

ఇక వైరింగు. కారులో మైనస్ వైరుని దగ్గర్లో ఉన్న బాడీకి బిగించేస్తాం. ఫైబరు బోటుకి బాడీ ఎర్తు ఎక్కడిది! మొదటిసారి నేను యాంపు మైనస్‌ని పాత స్టీరియో మైనస్ వైరుకే కలిపేశాను. పది నిమిషాలకి ఆ సన్న వైరు తొడుగు మెత్తబడి వాసనొచ్చింది. ప్లస్ ఎంత లావో మైనస్ కూడా అంత లావుదే, నేరుగా బ్యాటరీ దాకా వెళ్ళాలి.

ఎంత లావు? 300 వాట్లు బయటికివ్వాలంటే క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంపు సుమారు 375 వాట్లు లాగుతుంది. 13 వోల్టుల దగ్గర అది 29 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి యాంపుకి 4 మీటర్లయితే రానూపోనూ 8. ఆ దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. 16 వాడితే పావు వోల్టే. నేను 16 వేశాను. అది కూడా తగరం పూత ఉన్న రాగి వైరు. అల్యూమినియం మీద రాగి పూసిన చవక వైరు ఉప్పుగాలికి తొందరగా పాడైపోతుంది. లగ్గులు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్కలు) నొక్కి బిగించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేయండి. ప్లస్ వైరు మీద 40 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ నుంచి 7 అంగుళాలలోపే. ఫ్యూజు కాపాడేది వైరుని, యాంపుని కాదు. సిగ్నల్ వైరుని పవర్ వైరుకి దూరంగా, రెండో పక్క నుంచి లాగండి, లేకపోతే ఇంజన్ రొద పాటలో వినిపిస్తుంది.

గెయిన్ (స్టీరియో సిగ్నల్‌ని యాంపు ఎంత పెంచాలో తిప్పే నాబు) దగ్గర మావాళ్ళందరూ చెవితో తిప్పుతారు. నేనూ అంతే. బోటులో చెవి మోసం చేస్తుంది. వినపడక ఇంకా తిప్పి కాయిల్ కాల్చేస్తాం. ఊఫరు వైర్లు విప్పేయండి. ఈక్వలైజరు, బాస్ బూస్టు సున్నా. స్టీరియో వాల్యూం ముప్పావు. ఫోన్లోంచి 50 హెర్ట్జ్ టోను వాయిస్తూ యాంపు కొసల మీద మల్టీమీటరు ఏసీలో పెట్టండి. ఇంటి కరెంటూ 50 హెర్ట్జే కనుక మామూలు మీటరు కూడా సరిగ్గానే చదువుతుంది. నా 300 వాట్లని 4 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 34.6 వోల్టులు. మీటరు అంత చూపించే దాకా గెయిన్ పెంచి, ఇసుమంత వెనక్కి తిప్పి వదిలేయండి. ఊఫరుకి లోపాస్ 80 హెర్ట్జ్ (అంతకంటే పై స్వరాల్ని ఆపుతుంది), సబ్‌సోనిక్ 40 (అంతకంటే కిందివాటిని ఆపుతుంది). పక్క స్పీకర్లకి హైపాస్ 80 (ఇదీ కిందివాటిని ఆపేదే). చివరగా నీళ్ళ మీదికి వెళ్ళి ఫేజు స్విచ్చి (ఊఫరు కదలికని తిరగేసేది) 0, 180 మార్చి చూడండి. ఏది పెడితే దరువు గట్టిపడుతుందో అదే ఉంచండి. షెడ్డులో చూస్తే మళ్ళీ నా కథే.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు: ఇంజన్ స్టార్టయ్యేది ఒకటి, పాటలకి ఇంకొకటి. ఒక్కదానిమీదే లాగితే శాలిహుండం కొండ చూస్తూ నది మధ్యలో తెడ్డేసుకోవాలి. పాటల బ్యాటరీ కాసేపు ఏమీ వాడకుండా ఉంచి కొలిచినప్పుడు 12.2 వోల్టులుంటే సగం అయిపోయినట్టు. అక్కడ ఆపేయమన్నాను. వలలేసిన పడవలు కనిపించినా ఆపేయమన్నాను, ఆ మాట మాత్రం ఆయన మనవలు వినరు.

తిరిగొచ్చాక గ్రిల్లు మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి, రెండు నెలలకోసారి లగ్గులు చూసుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు రాగానే బోటు ఎలాగూ ఒడ్డెక్కిస్తారు కాబట్టి నాలుగు బోల్టులు విప్పి బాక్సు ఇంట్లో పెట్టేసుకోమన్నాను. పెట్టుకున్నారు. పెట్టుకుని ఊరుకోకుండా హాల్లో హోం థియేటర్‌కి కలుపుకున్నారట, గిన్నెల అల్మారా అంతా మోగిపోతోందని వాళ్ళావిడ నాకు ఫోన్ చేసి తిట్టారు.