మాఘం పెళ్లి ఆల్బమ్ ప్రింటుకు ఇచ్చేముందు

మాఘం ముహూర్తాలు మొదలైతే కర్నూల్లో ఫొటో ల్యాబ్‌లకు ఊపిరాడదు, అందుకే ఇవి ఇప్పుడే చూసుకోండి.

ఆల్బమ్ మొత్తం ఒకేసారి వేయించొద్దు. ముందు రెండు మూడు ఫొటోలు అదే ల్యాబ్‌లో, అదే పేపర్ మీద వేయించి చూడండి. పోయినసారి నేను తొందరపడి ఇది వదిలేశాను, ధర్మవరం పట్టుచీర రాణీ రంగు కాస్తా ఇటుక రంగులో వచ్చింది, ఆల్బమ్ అంతా మళ్లీ వేయించాల్సి వచ్చింది. స్క్రీన్ మీద మెరిసే కొన్ని రంగులు కాగితానికి అసలు అందవు, ఆ మాట పెళ్లివారికి ముందే చెప్పండి.

స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి ఎడిట్ చేయండి. స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితానికి ఆ వెలుగు లేదు, ఫుల్ బ్రైట్‌నెస్‌లో బాగుందనుకున్న ఫొటో ప్రింటులో నల్లబడుతుంది.

స్క్రీన్ సెట్టింగ్స్‌లో నైట్ లైట్ ఆపేయండి, అది స్క్రీన్‌ను పసుపుగా చూపిస్తుంది.

ఫైల్ ఏ కలర్ ప్రొఫైల్‌లో (ఫైల్‌లోని రంగులను ఎలా చదవాలో మెషిన్‌కు చెప్పే లెక్క) కావాలో ల్యాబ్‌ను అడగండి. చాలా ల్యాబ్‌లు ఎస్ఆర్‌జీబీ అనే ప్రొఫైల్‌నే అడుగుతాయి. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో ప్రొఫైల్‌లో ఉన్న ఫైల్‌ను మెషిన్ ఎస్ఆర్‌జీబీ అనుకుంటే రంగులు వెలిసినట్టు వస్తాయి.

ఆటో కరెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి. గండికోటలో తీసిన ఫొటోల్లో ఆ ఎర్రరాళ్లను మెషిన్ తప్పనుకుని సరిచేసేస్తే, ముఖాల రంగు కూడా మారిపోతుంది.

వచ్చిన ప్రింటును ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటిపూట కిటికీ దగ్గర చూడండి.