ముక్కులోంచి రక్తం వస్తే ఏం చేయాలి? ముందు ఆ తల పైకెత్తడం ఆపండి

ఒంటిపూట బడులు మొదలైతే చాలు, వారానికి ఒక పిల్లాడైనా చొక్కా మీద రక్తపు మరకలతో నా ముందుకు వస్తాడు. తిరుపతి ఎండ గురించి చెప్పేదేముంది, ముక్కు లోపలి పొర ఎండిపోయి పెళుసుగా ఉంటుంది, వేలు పెట్టి గెలికితే అంతే. వాడి వెనకాలే సలహాదారులు. ఒకరు తల వెనక్కి వంచమంటారు, ఇంకొకరు నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరిస్తారు, ఆయమ్మ ఉల్లిపాయ కోసం పరిగెడుతుంది. బడిలో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా, ఇన్నేళ్లలో రక్తంతో పడ్డ తిప్పల కంటే వీళ్లతో పడ్డవే ఎక్కువ.

కావలసినవి మూడే: పాత నూలు తువ్వాలు, ఉమ్మడానికి గిన్నె, టైం చూసుకోవడానికి ఫోను. దూది మాత్రం వద్దు. గడ్డకట్టిన రక్తానికి అతుక్కుపోతుంది, లాగితే మళ్లీ మొదటికొస్తుంది.

కూర్చోబెట్టండి. కుర్చీ కాదు, స్టూలు. కుర్చీ అయితే పిల్లలు వెనక్కి వాలిపోతారు. తల కాస్త ముందుకు వంచి, నోటితో ఊపిరి తీసుకోమనండి. నోట్లోకి వచ్చిన రక్తం మింగకుండా గిన్నెలో ఉమ్మాలి. తల వెనక్కి వంచితే రక్తం ఆగినట్టు కనిపిస్తుంది గానీ, గొంతులోకి దిగుతుంది. కడుపులోకి పోయిన రక్తం వాంతి తెప్పిస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇక అసలు పని, ముక్కు నొక్కడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. కళ్లజోడు ఆనే చోట నొక్కుతారు. అక్కడ ఉన్నది ఎముక, ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. చాలామందికి రక్తం వచ్చేది ముందు భాగంలో, రెండు రంధ్రాల మధ్య గోడ మీదున్న సన్నటి రక్తనాళాల గుంపు నుంచి. డాక్టర్లు లిటిల్స్ ఏరియా అంటారు. అందుకే ఎముక కిందున్న మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో రెండు వైపులా కలిపి పట్టాలి. గాలి ఆడనంత గట్టిగా, నొప్పి పుట్టనంత మెత్తగా.

పట్టాక పది నిమిషాలు వదలొద్దు. మధ్యలో ఒక్కసారి కూడా. 'ఆగిందేమో చూద్దాం' అని రెండు నిమిషాలకే వేళ్లు తీస్తారు, అప్పుడప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి. మాటిమాటికీ మూత తీస్తే ఇడ్లీ ఉడుకుతుందా? పోయిన వేసవిలో ఏడో తరగతి పిల్లాడొకడు నా వేళ్ల మధ్య ముక్కు ఇరికించుకుని, 'అయిపోయిందా సార్' అని నాలుగుసార్లు అడిగాడు. ఫోను వాడి చేతికే ఇచ్చి సెకన్లు చూడమన్నాను. అప్పటి నుంచి నోరెత్తలేదు. అందాజాగా పది నిమిషాలు అనుకోకండి, భయంలో మూడు నిమిషాలే పదిలా అనిపిస్తాయి. చిన్నపిల్లల ముక్కు పెద్దవాళ్లే పట్టాలి. వాళ్లకు వదిలేస్తే అర నిమిషానికే చెయ్యి జారుతుంది.

ఉల్లిపాయ వాసనకు రక్తనాళం మూసుకోదు. దాన్ని సాంబారులో వేసుకోండి. తడిగుడ్డ ముక్కు మీద పెడతానంటే పెట్టండి, నొక్కడం మాత్రం ఆపకండి.

పది నిమిషాలయ్యాక వేళ్లు మెల్లగా తీయండి. ఇంకా వస్తుంటే మరో పది నిమిషాలు. మొత్తం అరగంటకూ ఆగకపోయినా, రక్తం ధారగా పోతున్నా, గొంతులోకి దిగుతూనే ఉన్నా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా, రెండేళ్ల లోపు బిడ్డ అయినా ఇంటి వైద్యం ఆపేసి ఆసుపత్రికి పొండి. మనిషి సొమ్మసిల్లితే 108కి ఫోన్ చేయండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అరగంట దాకా చూడొద్దు. పెద్దవాళ్లకు వస్తే 'వేడి చేసింది' అని సబ్జా నీళ్లతో సరిపెట్టకుండా బీపీ కూడా చూపించుకోవాలి. పిల్లలకైనా పదే పదే వస్తుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

ఆగిన తర్వాత ఆ రోజంతా ముక్కు చీదకూడదు, గెలకకూడదు, బరువులెత్తకూడదు, వేడివేడి కాఫీ తాగకూడదు. మర్నాటి నుంచి కొన్నాళ్లు రాత్రిపూట ముక్కు అంచు లోపల పలచగా వేజలీన్ రాయండి. గోళ్లు కత్తిరించండి. మా స్కూల్లో అయితే రెండు రోజులు కబడ్డీ లేదు, ఎంత బతిమాలినా సరే.