మొదటి చెక్క గిన్నె లేత్ ఎక్కించే ముందు

ఏటికొప్పాకలో లేత్ మీద, అంటే కర్రను గిరగిరా తిప్పే యంత్రం మీద, అంకుడు కర్రపై ఉలి జారే తీరు చూసి, గిన్నె కూడా అంతే కదా అనుకున్నాను. కాదు. అక్కడి బొమ్మకు కర్ర నార ఇరుసు వెంట పొడవునా ఉంటుంది. గిన్నెకు పలకను అడ్డంగా బిగిస్తాం, కాబట్టి ఒక్కో చుట్టులో రెండుసార్లు నార తెగిన కొసలు ఉలికి ఎదురొస్తాయి. ఉలి ఎగిరిపడేదీ, వంపులో గరుకు మచ్చలు పడేదీ అక్కడే.

దిమ్మలో పగులు, ఊగే ముడి, మేకు ఉంటే పక్కన పెట్టేయండి. బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి, టూల్ రెస్ట్‌కు (ఉలిని ఆనించే కడ్డీకి) తగలడం లేదని చూశాకే స్విచ్ వేయాలి. అదీ తక్కువ వేగంలో, దిమ్మ ఎదుట కాకుండా పక్కగా నిలబడి. నా మొదటి గిన్నె చక్‌లోంచి (దిమ్మను పట్టి ఉంచే బిగింపులోంచి) ఊడి గోడకు కొట్టుకుంది. ఓ అడుగు పక్కనుండబట్టి బతికిపోయాను. ముఖమంతా కప్పే షీల్డ్ తప్పనిసరి. గ్లవుజులు, గాజులు, చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దే వద్దు.

పొడవు కర్రలకు వాడే రఫింగ్ గౌజ్ అనే గాడి ఉలిని గిన్నెకు వాడకండి. పిడిలోకి దిగే దాని తోక సన్నం, విరిగిపోతుంది. గిన్నెలకు వాడే బౌల్ గౌజ్ తీసుకోండి.

ఇక వంపు. ముందుగా ఉలి అంచు వెనకున్న ఏటవాలు ముఖాన్ని చెక్కకు ఆనించండి. చెక్క దాన్ని ఒరుసుకుంటూ తిరుగుతుండగా పిడిని మెల్లగా కదిపితే అంచు కోత అందుకుంటుంది. అంచును నేరుగా గుచ్చారో, ఉలి కొరుక్కుని చెయ్యి విదిలిస్తుంది. వంపు నునుపుగా రావడానికీ వేళ్లు దక్కడానికీ కిటుకు ఇదొక్కటే. బయటివైపు గిన్నె అడుగు నుంచి మూతి అంచుకు, లోపల మూతి అంచు నుంచి నడిమికి కోయాలి. మణికట్టు తిప్పితే వంపులో మెట్లు పడతాయి. పిడిని నడుముకు ఆనించి, ఒళ్లంతా ఊగుతూ ఒకే కోతగా లాగండి. చూపు ఉలి కొన మీద కాదు, తిరిగే గిన్నె పైవైపు కనిపించే ఆకారపు గీత మీద ఉండాలి. గడ్డ ఉందేమోనని తడిమి చూడాలంటే మిషన్ ఆపి చూడండి.

లోపల తొలిచేకొద్దీ రెస్ట్‌ను దగ్గరికి జరుపుతుండాలి, ప్రతిసారీ ఆపే.

పచ్చి చెక్కయితే వానాకాలంలో తొందరపడొద్దు. 10 అంగుళాల గిన్నెకు గోడ 1 అంగుళం మందం ఉంచి, కాగితం సంచిలో నెలల తరబడి ఆరనివ్వండి. వంకరపోయాక మళ్లీ ఎక్కించి తుది వంపు తీయాలి.

సాండ్ పేపర్ పట్టేటప్పుడు రెస్ట్ తీసేయండి, మాస్కు వేసుకోండి. పేపర్ గానీ గుడ్డ గానీ వేలికి చుట్టుకోవద్దు.